క్యాన్సర్ డాక్టరును వెతుక్కునేటప్పుడు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెద్దమ్మకు నాలుక పక్కన పుండు లేచినప్పుడు నాలుగు నెలల్లో ఆరుగురు డాక్టర్లను చూశాం. అందులో క్యాన్సర్ వైద్యం చదివినవారు ఒక్కరే. ఆయన దగ్గరకు చేరింది అందరికంటే చివర. అప్పటి నుంచి ఊళ్లో ఎవరికి అనుమానం వచ్చినా, చుట్టాల్లో ఎవరికి రిపోర్టు తేడాగా వచ్చినా మా ఇంటికి ఫోను వస్తుంది. అడిగేవారు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే రాసి పెట్టాను. నేను డాక్టరును కాను, ఏ మందు వాడాలో చెప్పే అర్హత నాకు లేదు. ఎవరి దగ్గరకు వెళ్లాలి, వారి చదువు, రిజిస్ట్రేషన్, అందుబాటు ఎలా సరిచూసుకోవాలి అన్నంత వరకే ఇది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అనుమానం మొదలైనప్పుడు

ఇంకా క్యాన్సరని తేలలేదు. ఇప్పుడే క్యాన్సర్ డాక్టరు దగ్గరకు వెళ్లాలా?

అక్కర్లేదు. ముందు కావలసింది పరీక్ష చేసి తేల్చేవారు. నోట్లో పుండు, గొంతు బొంగురు, మింగడం కష్టం అయితే చెవి, ముక్కు, గొంతు డాక్టరు. నోటి పుండుకు దంతవైద్యుడైనా సరే. రొమ్ములో గడ్డకు జనరల్ సర్జన్. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడితే స్త్రీవైద్య నిపుణురాలు. వీరంతా శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, అంటే మనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే చోట, విజయనగరం మహారాజా ఆసుపత్రిలో ఉంటారు. నోటి పుండు మూడు వారాలు దాటినా మానకపోతే ఇంకో పూత మందు రాయించుకోవద్దు, ముక్క పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి. మేం అడగలేదు. నాలుగు నెలలు బి-కాంప్లెక్స్ మాత్రలతో గడిచిపోయాయి.

మా మామ్మ అడ్డపొగ తాగుతుంది. అంగిలి మీద తెల్లగా ఉంది. నొప్పి లేదంటోంది. చూపించాలా?

తప్పకుండా చూపించాలి. చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు మన తీరప్రాంతపు ఆడవాళ్లలో తరాలుగా ఉంది. వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. అందుకే ఇతర చోట్ల అరుదుగా కనబడే అంగిలి క్యాన్సర్ మన దగ్గర ఎక్కువగా కనబడుతుందని విశాఖ వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. నొప్పి లేదని ఊరుకోవడానికి లేదు, మొదట్లో నొప్పి ఉండదు. పగటి వెలుతురులో నిలబెట్టి, నోరు బాగా తెరిపించి, కట్టుడు పళ్లుంటే తీయించి చూడండి. తెల్లటి మచ్చ మధ్యలో ఎర్రగా ఉన్నా, గరుకుగా తగిలినా ఆ వారంలోనే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు గానీ దంతవైద్యునికి గానీ చూపించండి. చుట్ట అలవాటు సంగతి దాచకుండా చెప్పండి. మామ్మలు డాక్టరు ముందు ఆ మాట ఎత్తరు, పక్కనున్నవారే చెప్పాలి.

సూది పరీక్ష, ముక్క పరీక్ష ఒకటేనా? ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందంటున్నారు, నిజమా?

ఒకటి కాదు. సన్నని సూదితో కణాలు లాగి చూసేది సూది పరీక్ష, ఎఫ్.ఎన్.ఎ.సి. అంటారు. గడ్డలో నుంచి చిన్న ముక్క తీసి చూసేది బయాప్సీ. చాలా క్యాన్సర్లలో వైద్యం మొదలుపెట్టడానికి ముక్క పరీక్షే ఆధారం, ఎందుకంటే ఏ రకమో, ఎంత తీవ్రమో అందులోనే తెలుస్తుంది. సరైన పద్ధతిలో ముక్క తీయడం వల్ల జబ్బు ముదురుతుందన్న భయంతో పరీక్ష మానుకోవద్దు. నష్టం చేసేది ఇంకొకటి ఉంది: ముందు పరీక్ష లేకుండా గడ్డను సగం కోసేయడం. రొమ్ములో గడ్డ ఉంటే "చిన్న ఆపరేషనే, తీసేద్దాం" అని ఎవరైనా అంటే, ముందు సూదితో ముక్క తీసి పరీక్షకు పంపమని అడగండి.

పసరు మందుతో తగ్గించేవారు ఉన్నారట. ఒక నెల వాడి చూస్తే తప్పేమిటి?

ఆ నెలే తప్పు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. గోడ మీద రాతైనా, కరపత్రమైనా అంతే. ఆయుర్వేదం మీద మీకు నమ్మకం ఉంటే మీ క్యాన్సర్ డాక్టరుకు చెప్పి, వైద్యం నడుస్తుండగా బలానికి ఏమి తీసుకోవచ్చో అడగండి. చెప్పకుండా మాత్రం వాడవద్దు. కాలేయం దెబ్బతింటే కీమో ఆపేయవలసి వస్తుంది.

## ఎవరి దగ్గరకు వెళ్లాలి

క్యాన్సర్ డాక్టర్లు అందరూ ఒకటే కాదా?

కాదు. ప్రధానంగా ముగ్గురు. ఆపరేషన్ చేసేవారు సర్జికల్ ఆంకాలజిస్టు. కీమో, ఇతర మందులు ఇచ్చేవారు మెడికల్ ఆంకాలజిస్టు. మన ఊళ్లలో "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్ ఇచ్చేవారు రేడియేషన్ ఆంకాలజిస్టు. రక్త క్యాన్సర్లకు హెమటాలజిస్టు లేదా మెడికల్ ఆంకాలజిస్టు. చాలా జబ్బులకు ఇద్దరో ముగ్గురో అవసరమవుతారు. ఉదాహరణకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కాస్త ముదిరాక తెలిస్తే ప్రధాన వైద్యం రేడియేషనే, దానితోపాటు కీమో. అలాంటి రోగి సర్జన్ దగ్గరకు మాత్రమే వెళితే సగం దారిలోనే ఆగినట్టు. మంచి ఆసుపత్రుల్లో ముగ్గురూ కూర్చుని కేసు చర్చించుకుంటారు, దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. "మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా?" అని అడగడం మీ హక్కు.

బోర్డు మీద పేరు పక్కన అన్ని అక్షరాలు ఉన్నాయి. ఏది అసలు క్యాన్సర్ డిగ్రీ?

ఈ ఒక్క సంగతి అందరికీ తెలిస్తే ఎన్నో నెలలు మిగులుతాయని నా నమ్మకం, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఎం.బి.బి.ఎస్. అందరికీ ఉండే మొదటి మెట్టు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. తర్వాత మూడేళ్ల ఎం.డి. లేదా ఎం.ఎస్. ఆ తర్వాత ఇంకో మూడేళ్లు చదివితే డి.ఎం. లేదా ఎం.సి.హెచ్. మందులిచ్చే క్యాన్సర్ డాక్టరుకు డి.ఎం. మెడికల్ ఆంకాలజీ ఉండాలి. ఆపరేషన్ చేసేవారికి ఎం.సి.హెచ్. సర్జికల్ ఆంకాలజీ. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డి.ఎన్.బి., ఇప్పటి పేరు డి.ఆర్.ఎన్.బి., కూడా వీటితో సమానమే. రేడియేషన్ మాత్రం వేరు: అక్కడ ఎం.డి. రేడియోథెరపీ లేదా ఎం.డి. రేడియేషన్ ఆంకాలజీ ఉంటే చాలు, డి.ఎం. లేదని అనుమానించనక్కర్లేదు. విదేశాల్లో చదివి వచ్చినవారి అర్హతకు ఇక్కడ గుర్తింపు ఉంటే అది కూడా డాక్టర్ల రిజిస్టరులో ఎక్కి ఉంటుంది.

ఇక "ఎఫ్" అక్షరంతో మొదలయ్యే ఫెలోషిప్పులు. కొన్ని ఏళ్ల శిక్షణతో వచ్చినవి, కొన్ని కొద్ది వారాలవి. బోర్డు మీద రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే ఏ అక్షరాల పక్కన "ఆంకాలజీ" అని ఉందో చూడండి. "ఎం.ఎస్. జనరల్ సర్జరీ" అని రాసి, కింద వేరే వరుసలో "క్యాన్సర్ సర్జన్" అని ఉంటే, ఆ రెండో మాటకు ఆధారమేమిటో అడగాలి. ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదని వైద్యుల వృత్తి నియమావళే చెబుతోంది. ఒక మంచి జనరల్ సర్జన్ రొమ్ము ఆపరేషన్లు ఏళ్లుగా చేస్తూ ఉండవచ్చు, ఆయనను నేను తక్కువ చేయడం లేదు. మన ముందున్నది ఎవరో తెలిసి ఒప్పుకోవాలి, అంతే.

మన జిల్లాల్లోనే చూపించుకోవచ్చా, విశాఖ వెళ్లక తప్పదా?

పరీక్షలు, ముక్క తీయించడం, కొన్ని ఆపరేషన్లు ఇక్కడే జరుగుతాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. క్యాన్సర్ డాక్టరు ఎవరున్నారు, ఏ రోజుల్లో చూస్తారు అన్నది మారుతూ ఉంటుంది కనుక వెళ్లే ముందు ఓపీ కౌంటరులో కనుక్కోండి.

రేడియేషన్‌కు ఎక్కువ మంది విశాఖకే వెళతారు. తల, మెడ క్యాన్సర్లకు అది సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. విజయనగరం నుంచి రోజూ రైల్లో తిరిగేవారు ఉన్నారు గానీ మూడో వారానికి నోరు పూసి, తిండి దిగక, ప్రయాణం నరకమవుతుంది. అక్కడ ఉండడానికి చోటు ముందే చూసుకోండి. కీమో విషయం వేరు: ఏ మందు ఎన్నిసార్లు అన్నది విశాఖ డాక్టరు నిర్ణయించి, దగ్గరలో ఇచ్చే ఏర్పాటు కొన్ని సందర్భాల్లో కుదురుతుంది. జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మీ జిల్లా ఆసుపత్రిలో ఆ సౌకర్యం వచ్చిందేమో అడగండి.

అగనంపూడి టాటా ఆసుపత్రి అంటారే, అది ప్రైవేటా?

కాదు. దాని పేరు హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. కేంద్ర అణుశక్తి శాఖ కింద నడిచే టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందినది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి, ఇదీ ఒకే సంస్థ. గాజువాక దాటాక జాతీయ రహదారి మీద ఉంటుంది. రైల్లో వెళ్లేవారికి దువ్వాడ స్టేషన్ దగ్గర. మొదటిసారి వెళ్లేటప్పుడు పొద్దున్నే చేరేలా బయలుదేరండి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు అన్నీ ఉండాలి. విశాఖలో మరో ప్రభుత్వ దారి కింగ్ జార్జ్ ఆసుపత్రి, మనందరి కేజీహెచ్. అక్కడ రేడియోథెరపీ విభాగం చాలాకాలంగా ఉంది.

హైదరాబాద్, ముంబయి వెళితే ఇంకా మంచి వైద్యం దొరుకుతుంది కదా?

అరుదైన జబ్బుకో, ఇక్కడ లేని ఆపరేషన్‌కో అయితే వెళ్లండి. హైదరాబాద్‌లో 1955 నుంచి ఎం.ఎన్.జె. ఆసుపత్రి, 2000 నుంచి బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. మామూలు రొమ్ము, నోటి, గర్భాశయ క్యాన్సర్లకు మొదటి వరుస వైద్యం ఎక్కడైనా దాదాపు ఒకే మార్గదర్శకాల మీద నడుస్తుంది. దూరం పెరిగేకొద్దీ మధ్యలో మానేసేవారు పెరుగుతారు. పొలం తాకట్టు పెట్టి ముంబయి వెళ్లి, రెండో కీమోకు డబ్బు లేక ఇంట్లో కూర్చున్న మనిషిని నేను చూశాను.

మాది ఇచ్ఛాపురం. మాకు బరంపురమే దగ్గర. అక్కడ చూపించుకోవచ్చా?

చూపించుకోవచ్చు. అక్కడి ఎం.కె.సి.జి. వైద్య కళాశాలకు మన సరిహద్దు ఊళ్ల నుంచి వెళ్లడం కొత్తేమీ కాదు, భువనేశ్వర్‌లో ఎయిమ్స్ కూడా ఉంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య పథకం, అంటే ఎన్టీఆర్ వైద్య సేవ, మీరు వెళ్లే ఒడిశా ఆసుపత్రిలో చెల్లుతుందా అని ముందే 104కు ఫోను చేసి తెలుసుకోండి. ఒడిశా డాక్టర్ల రిజిస్ట్రేషన్ ఒడిశా వైద్య మండలిలో ఉంటుంది, మన మండలిలో వెతికితే దొరకదు.

## వివరాలు సరిచూసుకోవడం

డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడ ఉంటుంది? దాన్ని ఎలా చూడాలి?

మందుల చీటీ మీద, రసీదు మీద, సర్టిఫికెట్ మీద ఉండాలి. క్లినిక్‌లో కనబడేలా పెట్టాలి. 2002 నాటి వృత్తి నియమావళిలో ఇది స్పష్టంగా ఉంది. ఆ నంబరుతో జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని ఇండియన్ మెడికల్ రిజిస్టరులో వెతకవచ్చు. పేరు, నంబరు, రాష్ట్ర మండలి ఇస్తే డాక్టరు పేరు, తండ్రి పేరు, డిగ్రీ, విశ్వవిద్యాలయం, ఏ ఏడాది నమోదయ్యారు అన్నవి వస్తాయి. రెండు విషయాలు జాగ్రత్తగా చూడండి. ఒకటి, నంబరుతో వచ్చిన పేరు, మీ డాక్టరు పేరు ఒకటేనా? ఒకే నంబరు వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు మనుషులకు ఉంటుంది, కాబట్టి రాష్ట్రం తప్పక ఎంచుకోండి. రెండు, అదనపు అర్హత దగ్గర ఆంకాలజీ డిగ్రీ ఎక్కి ఉందా? రిజిస్ట్రేషన్ ఉందన్నంత మాత్రాన తెలిసేది ఆయన డాక్టరన్న సంగతే. క్యాన్సర్ డాక్టరో కాదో ఆ అదనపు వరుస చెబుతుంది.

వెబ్‌సైటులో పేరు కనబడలేదు. అంటే నకిలీ డాక్టరా?

అప్పుడే ఆ మాట అనవద్దు. ఇంటిపేరు ముందో వెనకో ఉండడం, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక "హెచ్" ఎక్కువో తక్కువో కావడం మన పేర్లతో వచ్చే చిక్కు. పెళ్లికి ముందు పేరుతో నమోదైన డాక్టరమ్మలు ఉంటారు. కొత్త డిగ్రీ రిజిస్టరులోకి ఎక్కడానికి సమయం పడుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక కొందరి నమోదు తెలంగాణ మండలిలో ఉండవచ్చు. అన్ని విధాలా వెతికినా దొరకకపోతే విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ వైద్య మండలిని అడగండి, లేదా ఆసుపత్రి రిసెప్షన్‌లో నంబరు రాసివ్వమనండి. నిజమైన డాక్టరు ఉన్న ఆసుపత్రి ఆ నంబరు ఇవ్వడానికి వెనకాడదు. ఇవ్వడానికి నిరాకరిస్తే అక్కడ వైద్యం మొదలుపెట్టకండి.

డాక్టరుగారు విశాఖ నుంచి వారానికి ఒక్కరోజే వస్తారు. పర్వాలేదా?

సలహాకు, తర్వాతి చూపులకు పర్వాలేదు. చిక్కంతా మిగిలిన ఆరు రోజులది.

చీపురుపల్లి దగ్గర మాకు తెలిసిన ఒకామెకు ఇలాగే వారానికి ఒకసారి తెరిచే క్లినిక్‌లో కీమో ఇచ్చారు. తొమ్మిదో రోజు రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది. చీటీ మీద ఉన్న నంబరుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. అది రిసెప్షన్ నంబరు, మళ్లీ గురువారం దాకా అక్కడ మనిషే ఉండరు. పారాసెటమాల్ వేసి తెల్లవార్లూ కూర్చున్నారు. పొద్దున ఆసుపత్రికి చేర్చేసరికి రక్తపోటు పడిపోయింది. ఆమె బతికింది గానీ ఇరవై రోజులు మంచం దిగలేదు. కీమో తర్వాత, ముఖ్యంగా ఏడు నుంచి పధ్నాలుగు రోజుల మధ్య, తెల్లకణాలు తగ్గి ఉంటాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల జ్వరం అంటే అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లవలసిన అత్యవసరం. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి వచ్చిపోయే డాక్టరు దగ్గర మొదటి కీమోకు ముందే అడగండి: రాత్రి జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ మా సంగతి తెలిసినవారు ఎవరు, మీరు విశాఖలో ఏ ఆసుపత్రిలో ఉంటారు, అక్కడ మాకు పడక దొరుకుతుందా? జవాబును చీటీ మీదే రాయించుకోండి. ఇంట్లో థర్మామీటరు కొని పెట్టుకోండి.

ఆసుపత్రికి కూడా రిజిస్ట్రేషన్ ఉంటుందా?

ఉంటుంది. ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్కులు, ల్యాబులు 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి దగ్గర నమోదు కావాలి. ఆ ధ్రువపత్రం గోడకు వేలాడుతూ ఉండాలి, గడువు తేదీ చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి: రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. ఏ అధికారిని అడగాలో తెలియక తిరిగేవారికి ఇది పనికొస్తుంది.

రేడియేషన్ యంత్రం మంచిదో కాదో మాకెలా తెలుస్తుంది?

యంత్రం పేరు చూసి మనం తేల్చలేం. రేడియేషన్ కేంద్రం నడపడానికి అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఎ.ఇ.ఆర్.బి., అనుమతి తప్పనిసరి. ఆ లైసెన్సు ఉందా, రేడియేషన్ మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్టు రోజూ ఉంటారా, యంత్రం ఆగిపోతే మా రోజులు ఎలా సర్దుతారు అని అడగండి. మధ్యలో రోజులు తప్పితే ఫలితం తగ్గుతుంది కాబట్టి మూడో ప్రశ్న చిన్నది కాదు.

ఇంటర్నెట్‌లో డాక్టరుకు అయిదు నక్షత్రాలు ఉన్నాయి. నమ్మవచ్చా?

సిబ్బంది మర్యాద, వేచి ఉండే సమయం, పార్కింగ్ గురించి అయితే నమ్మవచ్చు. వైద్యం ఎలా ఉందో నక్షత్రాలు చెప్పలేవు. అక్కడ కనబడే ఫోను నంబరుతో మరీ జాగ్రత్త. ఆసుపత్రి పేరుతో తప్పుడు నంబరు పెట్టి, అపాయింట్‌మెంట్ కోసమని ముందే డబ్బు పంపమనే మోసాలు ఉన్నాయి. ఆసుపత్రి సొంత వెబ్‌సైటులోనో, అక్కడికి వెళ్లివచ్చినవారి ఓపీ చీటీ మీదో ఉన్న నంబరుకే చేయండి.

డిగ్రీ అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందేమో?

చాలామందికి రాదు. "అయ్యా, మావాళ్లు అడుగుతున్నారు, మీ స్పెషాలిటీ ఏమిటో చీటీ మీద రాసిస్తారా?" అంటే సరిపోతుంది. నేను ఇలా అడిగిన ప్రతిసారీ రాసిచ్చారు. ఒక డాక్టరమ్మ అయితే తన చదువు, తాను చేయనివి ఏమిటి, వాటికి ఎవరి దగ్గరకు వెళ్లాలి అన్నవన్నీ ఓపీ చీటీ వెనక రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

## మొదటిసారి కలిసేటప్పుడు

ఏమేమి పట్టుకెళ్లాలి?

రిపోర్టులు, స్కాన్ల ఫిల్ములు, సీడీలు, వాడుతున్న మందులు. అందరూ మరిచిపోయేవి స్లైడ్లు, బ్లాకులు. ముక్క పరీక్ష చేసిన ల్యాబు మీ దగ్గరి నుంచి తీసిన కణజాలాన్ని మైనంలో పొదిగి, అగ్గిపెట్టెలో సగముండే ప్లాస్టిక్ బిళ్లలో ఉంచుతుంది. అదే బ్లాకు. దాని నుంచి పలచగా కోసి గాజు పలక మీద అతికించినది స్లైడు. పెద్ద ఆసుపత్రి తమ పాథాలజిస్టుతో మళ్లీ చూపించుకుంటుంది, అదనపు పరీక్షలకు ఆ బ్లాకే కావాలి. అది లేక విశాఖ నుంచి తిరిగి సోంపేట వచ్చి తీసుకువెళ్లినవారు ఉన్నారు. ల్యాబులో లిఖితంగా అడిగి తెచ్చుకోండి.

తెచ్చుకున్నాక ఒక పని చేయండి. బిళ్ల అంచున ఒక నంబరు రాసి ఉంటుంది. అది మీ రిపోర్టు మీది నంబరుతో కలుస్తుందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఎండాకాలంలో కారు అద్దం దగ్గర పెట్టవద్దు, అది మైనం. స్లైడ్లను దూదిలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి.

డాక్టరు ముందు కూర్చుంటే అన్నీ మరిచిపోతాం. ఏమి అడగాలి?

జబ్బు పేరేమిటి, ఏ దశ, నయం చేయడానికా లేక అదుపులో ఉంచడానికా ఈ వైద్యం, ఇంకో దారి ఉందా, మొత్తం ఎన్నాళ్లు, ఎంత ఖర్చు. మూడో ప్రశ్న అడగడానికి గుండె గట్టి చేసుకోవాలి. ఆ జవాబు మీదే పొలం అమ్మాలా వద్దా అన్నది ఆధారపడి ఉంటుంది కనుక అడగాలి. కాగితం మీద రాసుకుని, ఇంట్లో నిబ్బరంగా ఉండే ఒక మనిషిని వెంట తీసుకువెళ్లండి.

మాది ఉద్దానం. నాన్నకు క్రియాటినిన్ ఎక్కువే. క్యాన్సర్ డాక్టరుకు చెప్పాలా?

మొదటి మాటగా అదే చెప్పండి. క్రియాటినిన్ ఎక్కువంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్న సూచన. కవిటి, సోంపేట, పలాస, మందస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకు తెలుసు, దూరం నుంచి వచ్చిన డాక్టరుకు గుర్తుండకపోవచ్చు. సిస్‌ప్లాటిన్ అనే సాధారణ కీమో మందు కిడ్నీల మీద భారం వేస్తుంది. స్కానుకు ముందు ఎక్కించే రంగు మందు కూడా కొందరికి ఇబ్బంది చేస్తుంది. ముందే తెలిస్తే మందు మారుస్తారు, మోతాదు తగ్గిస్తారు. పలాస కిడ్నీ ఆసుపత్రిలో చూపించుకుంటూ ఉంటే ఆ పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి ఇవ్వండి. నొప్పి మాత్రలు దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు.

అమ్మకు చెప్పవద్దని డాక్టరును కోరవచ్చా?

చాలామంది కోరతారు. ఆ ప్రేమ అర్థమవుతుంది. అయినా జబ్బు ఆమెది, వైద్యానికి ఒప్పుకోవలసింది ఆమె. మా పెద్దమ్మకు మేం చెప్పలేదు. రేడియేషన్ గది బయట పక్కన కూర్చున్నామెను అడిగి తానే తెలుసుకుంది. ఆ రోజు ఆమె మాతో మాట్లాడలేదు. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందు ఆమెనే అడిగి, ఆ మేరకు డాక్టరుతో చెప్పించండి.

## ఖర్చు, ప్రయాణం

ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ వైద్యం ఉచితమేనా?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు ఈ పేరుతో నడుస్తోంది. శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ ప్యాకేజీలు ఇందులో ఉన్నాయి. అయితే ఆసుపత్రి పథకంలో ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలూ ఉన్నట్టు కాదు. "ఈ ఆసుపత్రిలో రేడియేషన్ పథకం కింద ఉందా?" అని విభాగం పేరుతో అడగండి. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే వైద్యమిత్ర దగ్గరకు డబ్బు కట్టకముందే వెళ్లండి, ముందస్తు అనుమతి తర్వాతే వైద్యం మొదలవ్వాలి. సందేహాలకు 104.

రైల్లో రాయితీ ఉందా?

ఉంది. వైద్యానికి, పరీక్షలకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపరు, మూడో తరగతి ఏసీలో ఛార్జీ పూర్తిగా మినహాయింపు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే రాయితీ పత్రం కావాలి, దాని మీద డాక్టరు సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చూసుకుని బయటికి రండి.

## నమ్మకం కుదరనప్పుడు

ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకుంటే మొదటి డాక్టరు చూడనంటారా?

అనరు, అనకూడదు. అవయవం తీసేసే ఆపరేషన్‌కు ముందు, లక్షల ఖరీదు చేసే మందులకు ముందు రెండో మాట తీసుకోవడం మంచిది. ప్రయాణం చేయలేనివారికి నవ్య అనే ఆన్‌లైన్ సేవ ఉంది. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమిగా 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌తో కలిసి పనిచేస్తుంది, రిపోర్టులు పంపితే నిపుణుల అభిప్రాయం రాతపూర్వకంగా వస్తుంది. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే "ఎందుకు తేడా?" అని ఇద్దరినీ అడగండి. నాలుగో, అయిదో డాక్టరు దాకా మాత్రం వెళ్లకండి. ఆ తిరుగుడులో జబ్బు పెరుగుతుంది.

కాగితాలు ఇవ్వకుండా తిప్పుతున్నారు. ఏమి చేయాలి?

లిఖితంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. రోగి గానీ అధికారం ఉన్న బంధువు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని, చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు భద్రపరచాలని వృత్తి నియమావళి చెబుతోంది. ఈ నియమం పేరు కాగితంలో రాస్తే చాలాచోట్ల ఆ రోజే ఇస్తారు.

డాక్టరు తప్పు చేశారని అనుకుంటున్నాం. ఎక్కడ చెప్పుకోవాలి?

డాక్టరు ప్రవర్తన, తప్పుడు డిగ్రీల మీద ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి. ఆసుపత్రి నమోదు, వసతుల మీద జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి. డబ్బు నష్టానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు, రెండేళ్ల లోపు. సలహాకు 1915. పథకంలో ఉండి డబ్బు అడిగితే 104. ముందు కాగితాలు సేకరించండి, తర్వాత ఫిర్యాదు. వైద్యం ఫలించకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. ఆ తేడా చెప్పగల మరో డాక్టరుకు ఒకసారి కాగితాలు చూపించుకుని వెళ్లండి.

"ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. నిజంగా ఏమీ లేదా?

జబ్బును తగ్గించే మందు లేకపోవచ్చు. నొప్పిని, ఆయాసాన్ని, వాంతులను తగ్గించే వైద్యం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు, అది కూడా ఒక ప్రత్యేక వైద్యమే. "మీ దగ్గర పాలియేటివ్ విభాగం ఉందా, మార్ఫిన్ మాత్రలు ఇస్తారా?" అని ఆ మాటల్లోనే అడగండి. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడే మార్ఫిన్ అలవాటైపోతుందని భయపడి ఆపవద్దు, మలబద్ధకానికి మందు కూడా రాయించుకోండి. మా పెద్దమ్మ చివరి రెండు నెలలు ఆ మాత్రల మీదే రాత్రిళ్లు నిద్రపోయింది, పగలు అరుగు మీద కూర్చుని అందరినీ పేరు పెట్టి పలకరించింది.